నెమలి రాయి కింద తెలుగులో రాసిన వాక్యం

రత్నపరీక్ష ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. మైక్రోస్కోపు గురించి అడుగుతారు, కెంపులో సూదుల్లాంటి గీతల గురించి అడుగుతారు. చెబుతాను. వాళ్లు అడగని సంగతి ఒకటుంది. రిపోర్టులో ఏం రాయాలో అడుగుతారు గానీ, ఏం రాయకుండా వదిలేస్తామో ఎవరూ అడగరు. నేను కూడా ఆ వయసులో అడగలేదు. అందుకే ఈ సంగతి రాస్తున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు.

నేను చదివింది భూగర్భశాస్త్రం. మా క్లాసులో మగపిల్లలంతా గనుల్లోకి, సర్వేలకి వెళ్లిపోయారు. గనిలోకి ఆడవాళ్లని దిగనిచ్చేవాళ్లు కారు. మేం రాయి దగ్గరికి పోలేం కాబట్టి రాయే మా దగ్గరికి రావాలని నవ్వుకుంటూ నేను ల్యాబులో చేరిపోయాను. పంజాగుట్టలో ఒక నగల దుకాణం పైన రెండో అంతస్తులో మూడు గదులు. ఒక గదిలో నేను, ఒక గదిలో యజమాని, మధ్య గదిలో మా భాయ్. భాయ్ రాళ్లు సానపట్టే కుటుంబం నుంచి వచ్చిన మనిషి. డిగ్రీ లేదు. పచ్చ చేతిలోకి తీసుకుని కిటికీ వైపు ఒక్కసారి తిప్పి, పగుళ్లు కనపడకుండా నూనె పట్టించారో లేదో చెప్పేసేవాడు. నేను అరగంట పరికరాలతో కుస్తీ పట్టి అదే మాట రాసేదాన్ని.

మా యజమానిది ఒకటే సూత్రం. రిపోర్టులో వ్యాఖ్యల గడి ఎంత ఖాళీగా ఉంటే కస్టమరు అంత హాయిగా ఇంటికి వెళతాడనేవారు. ఆయన చెడ్డవారు కాదు. కానీ మా ఫారంలో ఉన్నవి రెండే గడులు, సహజం, కృత్రిమం. ఏదో ఒకదాని ముందు టిక్కు పెట్టాలి. మిగతాదంతా కింద వ్యాఖ్యల్లో రాసుకోవాలి. ఆ గడి ఖాళీగా వదిలేయడం మాకందరికీ చేతికి పట్టిన అలవాటైపోయింది.

మెట్రో వచ్చిన తర్వాతి మాట ఇది. ఒక మధ్యాహ్నం నలభై దాటిన ఒకామె మెట్లెక్కి వచ్చింది. అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుందట. చీర కొంగుకి పసుపు మరకలు. చేతి రుమాల్లో కట్టిన రాయి తీసి నా బల్ల మీద పెట్టింది.

"గిది అసలుదా నకలుదా జర చూడుర్రి మేడం," అంది.

నిమ్మకాయంత రాయి. ఊదా, నీలం, ఆకుపచ్చ, గులాబీ, బంగారు రంగులన్నీ దాని మీదే. వానపడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే రంగులు పరుచుకుంటాయే, అలా మెరుస్తోంది. ఇంగ్లీషు పేరు ఏదైనా, వ్యాపారులు దీన్ని నెమలి రాయి అంటారు. నిజమైన నెమలి రాయి బోర్నైట్ అనే ఖనిజం. రాగి, ఇనుము, గంధకం కలిసి ఏర్పడుతుంది. పగలగొట్టిన కొత్తలో కంచు రంగులో ఉంటుంది. గాలి తగిలే కొద్దీ పైన సన్నటి పొర కట్టి, ఆ పొర మీద వెలుగు విరిగి రంగులు పుడతాయి. రాయిలో రంగు లేదు, పొరలో ఉంది. చదువుకునే రోజుల్లో ఆ మాట విన్నప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో ఇప్పటికీ గుర్తుంది.

"ఎక్కడ కొన్నారమ్మా?" అన్నాను.

"మా హాస్టల్ దగ్గర్నే మేడం. కంప్యూటర్ కోర్సుల బోర్డులు లేవా, గా బోర్డుల నడుమ రాళ్లు పెట్టి నయంజేసుడు నేర్పే రాళ్ల క్లాసు సుత ఉంటది. గా క్లాసు మేడం ఇచ్చింది. ఆనంద శిల అంటరట. నీలం రంగు గొంతుకు మంచిదన్నది. మాట వస్తదన్నది."

"ఎవరికి మాట రావాలి?"

అప్పుడు చెప్పింది. ఆమె భర్త లిఫ్టు మెకానిక్. అమీర్‌పేటలో ఎన్ని బిల్డింగుల్లో లిఫ్టులు ఆగినా ఆయన్నే పిలిచేవారు. నిరుడు ఒక పొద్దున డ్యూటీకి పోనన్నాడు. మర్నాడూ పోలేదు. కొట్లాట లేదు, చావు లేదు, దెబ్బ తగల్లేదు. మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మాట తగ్గి తగ్గి ఆగిపోయింది. చుట్టాలు తలా ఒక మాట అన్నారు. ఈమె ఎవరి మాటా వినకుండా ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకుపోయింది. గోలీలు రాసిచ్చారు. నెల రోజులైంది.

"మొన్న శనివారం నాతోటి అన్నడు మేడం, కూరల ఉప్పు ఎక్కువైందని," అని చెబుతూ ఆమె నవ్వింది. నవ్వుతుంటే కళ్లు తడిశాయి. "ఏడాదికి గా ఒక్క మాట. రాయి తెచ్చి దిండు కింద పెట్టిన పది దినాలకు. మా ఆడిబిడ్డ నకలు రాయి అంటది. అందుకే మీ దగ్గరికొచ్చిన."

నెల రోజుల మాత్రలు అప్పుడప్పుడే పనిచేయడం మొదలుపెట్టి ఉంటాయని నాకు తోచింది. ఆ మాట అనలేదు. డాక్టరు చూసుకుంటారులే అనుకున్నాను.

రాయి తీసుకుని లోపలికి వెళ్లాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. గరుకు పింగాణీ పలక మీద గీస్తే బోర్నైట్ బూడిద నలుపు గీత ఇస్తుంది. ఇది ఆకుపచ్చ కలిసిన నలుపు గీత గీసింది. అడుగున చిన్న పెచ్చు లేచిన చోట లోపల ఇత్తడి పసుపు కనిపించింది. అంటే ఇది బోర్నైట్ కాదు, దాని చుట్టమైన చాల్కోపైరైట్. అదీ రాగి ఖనిజమే. దాన్ని ఆసిడ్‌లో ముంచితే గంటల్లో నెమలి రంగులు వచ్చేస్తాయి. బజార్లో నెమలి రాయి అని అమ్మేదాంట్లో చాలావరకు ఇదే.

భాయ్ నా భుజం మీదుగా చూశాడు. "రంగ్ కచ్చా హై మేడం. ఆసిడ్‌ల ముంచిన్రు. రిమార్క్స్‌ల రాయుర్రి," అన్నాడు.

"రాయి అయితే సహజమే కదా భాయ్," అన్నాను.

"రాయి సహజమే. రంగు?"

తలుపు సందులోంచి ఆమె కనిపిస్తోంది. కుర్చీ అంచున కూర్చుంది, ఎవరైనా లేవమంటారేమో అన్నట్టు. ఆసిడ్‌లో ముంచిన రాయమ్మా అని ఈమెకి ఎలా చెప్పను? ఏడాది తర్వాత ఇంట్లో ఒక్క మాట వినిపించిన మనిషికి? దిండు కింద ఉండే రాయి ఎవరికి అపకారం చేస్తుంది? ఉండనీ అనుకున్నాను. సహజం ముందు టిక్కు పెట్టాను. వ్యాఖ్యల గడి ఖాళీగా వదిలేశాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఆమెకి ఇంగ్లీషు రాదని, రిపోర్టు పట్టుకుపోయి ఎవరిచేతో చదివించుకోవాలని నాకు జాలి వేసింది. అందుకని కింద నా చేత్తో తెలుగులో రాశాను. "ఇది సహజమైన రాగి ఖనిజం." గుండ్రటి అక్షరాలు, చక్కగా కనిపించేలా. నా ఉద్యోగంలో నేను తెలుగులో రాసిన రిపోర్టు అదొక్కటే.

ఆమె కూడబలుక్కుంటూ చదివింది. "రాగియా మేడం?" అంది. ముఖం వెలిగిపోయింది.

"రాగి ఖనిజం," అన్నాను. ఖనిజం అన్న మాట ఆమె చెవిన పడలేదు. పడలేదని నేను గమనించాను కూడా. అయినా నాకేం తోచలేదు.

ఆ సాయంత్రం భాయ్ రోజూలా కబుర్లకి కూర్చోకుండా, చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నేను మనసులో ఆయన్ని చాదస్తుడనుకున్నాను.

మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున మేం షట్టరు ఎత్తేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. జుట్టు దువ్వుకోలేదు. చేతిలో ఇంకో రాయి, మొదటిదానికి రెండింతలుంది. మొదటి రాయి, నేనిచ్చిన రిపోర్టు కూడా వెంట తెచ్చింది. ఆ కాగితానికి ప్లాస్టిక్ అట్ట వేయించి, దానికి పైన కన్నం పెట్టి దారం కట్టింది. దేవుడి పటాల పక్కన మేకుకి తగిలించిందట.

"గిది సుత మంచి రాగియేనా చూడుర్రి మేడం. చిన్నది సరిపోతలేదు. బలం సాలుతలేదు."

"ఏమైందమ్మా? మాట్లాడుతున్నాడన్నావు కదా?"

"మల్ల బంద్ అయింది. తిన్నది ఇముడుత లేదు. పొద్దుగాల లేస్తే కక్కుతుండు. గోలీలు వేడి చేసినయని పదిహేను దినాల సంది గోలీలు బంద్ వెట్టిన. రాగి నీళ్లు మాత్రం ఒక్క పూట సుత తప్పలే."

"రాగి నీళ్లా?"

"గదే మేడం. రాగి చెంబుల నీళ్లు పోసి, గీ రాయి వేసి, రాత్రంతా ఉంచుత. పొద్దుగాల పరగడుపున తాపుత. ఉత్తగ తాగుతలేడని నిమ్మకాయ పిండి, తేనె వేస్త."

భాయ్ వైపు చూశాను. ఆయన చేతిలో తాళాలు అలాగే ఉండిపోయాయి.

"రాళ్ల క్లాసు మేడం నీళ్లలో వెయ్యమన్నారా?" అని ఎలాగో అడిగాను.

"లేదు, గామె దిండు కింద పెట్టమన్నది. మీరే కద మేడం రాగి అని రాసిచ్చిన్రు. రాగి చెంబుల నీళ్లు మంచిగనే ఉంటయి కదా, ఇగ రాగి రాయే ఉన్నంక నీళ్లల్ల వేస్తె ఇంకా మంచిదనుకున్న."

తప్పు రాళ్లమ్మే ఆవిడ మీదికి నెట్టేద్దామని ఆ ప్రశ్న అడిగానని ఒప్పుకోవాలి. ఆవిడ తప్పించుకుంది. మిగిలింది నేనూ, నా గుండ్రటి అక్షరాలూ.

ఆమె గొంతు తగ్గించింది. "ఇయ్యాల పొద్దుగాల మాట్లాడిండు మేడం. 'నేనుండి ఏం ఫాయిదా' అన్నడు. గంతే. మాట్లాడిండని సంతోషపడాల్నో, ఏడ్వాల్నో సమజ్ గాలే. పక్కింటామెను కూసోబెట్టి ఉరికొచ్చిన. పెద్ద రాయి అయితే పనిచేస్తదని."

నా చదువంతా గుర్తొచ్చింది. రాగి సల్ఫైడు, ఆసిడ్ అవశేషం, నిమ్మరసం. ఆ మాటలేవీ ఆమెకి పనికిరావు. పనికొచ్చే మాట కోసం వెతుక్కుంటుంటే భాయ్ లోపలి నుంచి ఆకురాయి తెచ్చి నా చేతిలో పెట్టాడు. మొదటి రాయి మూల మీద నాలుగుసార్లు గట్టిగా రుద్దాను. నెమలి రంగులు పొడిలా రాలాయి. కింద పసుపు బయటపడింది.

ఆమె దగ్గరగా వంగి చూసింది. "ఇత్తడి లెక్కున్నది."

"అమ్మా, కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపులుసు వండి రాత్రంతా ఉంచుతారా?"

"ఎవలన్న ఉంచుతరా మేడం? చిలుమెక్కదా? హాస్టల్ పిల్లలంత కక్కి..."

మాట సగంలో ఆగింది. రాయి వైపు చూసింది. రుమాల్లో ఉన్న రెండో రాయి వైపు చూసింది. ముప్పై ఏళ్లుగా గరిటె పట్టిన మనిషికి ఇంకేం చెప్పక్కర్లేదు. రాగి అన్న ఒక్క మాట రాసి ఆమెకి తెలిసిన సంగతినే ఆమెకి కనపడకుండా చేశాను.

"రాగి చెంబులో కూడా నిమ్మరసం వేసి ఉంచకూడదు," అన్నాను. "కక్కింది గోలీల వల్ల కాదమ్మా. ఆ నీళ్ల వల్లే అయ్యుంటుంది. గోలీలు ఆపడమే... పదండి. ముందు ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళదాం. ఇప్పుడే."

భాయ్ అప్పటికే కిందికి దిగి ఆటో ఆపాడు. యజమాని ఎదురొచ్చి ఏంటి సంగతి అన్నారు. "వ్యాఖ్య రాయడానికి వెళుతున్నానండీ," అన్నాను. కోపంగానే అన్నాను, కానీ ఆ కోపం ఆయన మీద కాదు.

వాళ్లుండేది అమీర్‌పేటలో ఒక ఇరుకు గల్లీలో, మూడో అంతస్తు మీద రేకుల గది. ఆమె భర్త గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. భాయ్ ఆయన పక్కన మంచం మీద కూర్చుని, ఏ కంపెనీ లిఫ్టు బాగా మొరాయిస్తుందని అడిగాడు. ఆయన తల తిప్పి భాయ్‌ని చూశాడు. భాయ్ చొక్కా అందిస్తే తొడుక్కున్నాడు. ఇద్దరూ మెట్లు దిగుతుంటే భాయ్ చెయ్యి ఆయన భుజం మీదే ఉంది. నేను వెనక రాగి చెంబు పట్టుకుని నడిచాను. డాక్టరుకి చూపించాలని తెచ్చాను. దారిలో అది నా ఒళ్లో ఉంది.

ఎర్రగడ్డలో ఓపీ రద్దీగా ఉంది. ఆయన పొద్దున అన్న మాట చెప్పగానే లోపలికి పంపారు. డాక్టరు పడుచు మనిషి. చెంబులోకి తొంగి చూశాడు, నా రిపోర్టు చదివాడు, నా వైపు చూశాడు. అది నేను రాశానని, రాయికి ఆ రంగు ఆసిడ్‌లో ముంచితే వచ్చిందని నేనే చెప్పాను. ఒక మాట తిట్టి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

"రాయి వల్ల ఎంతో, చెంబులో నిమ్మరసం వల్ల ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరమ్మా. రెండూ ఆపేయండి. రక్తపరీక్ష చేయిద్దాం," అన్నాడు. తర్వాత గొంతు మార్చాడు. "నాకు ఎక్కువ భయం వేసింది గోలీలు ఆపినందుకు. ఆయన బాగుపడుతూ ఉండగా ఆపారు. ఇవాళ తీసుకురావడం చాలా మంచిపని చేశారు. కొన్ని రోజులు ఇక్కడే ఉంచుకుంటాను. ఒంటరిగా వదలొద్దు."

ఆయన కోలుకున్నాడని ఇక్కడే చెప్పేస్తాను. చివరిదాకా మిమ్మల్ని భయపెట్టడం నాకిష్టం లేదు. ఒక్క రోజులో కాలేదు, ఒక్క నెలలోనూ కాలేదు. మధ్యలో ఒకసారి మళ్లీ గోడ వైపు తిరిగాడు. గోలీలు మాత్రం ఆపలేదు. ఎండాకాలం దాటేసరికి పనిలోకి వెళ్లాడు. మా బిల్డింగు లిఫ్టు కూడా ఆయనే బాగుచేశాడు.

ల్యాబులో నేను రిటైరయ్యేలోపు ఒక పని చేశాను. సహజం, కృత్రిమం గడుల కింద ఇంకో గడి గీయించాను. రంగు ఎలా వచ్చిందో రాయడానికి. యజమాని గొణిగారు, తర్వాత ఒప్పుకున్నారు. దాంట్లో ఖాళీ వదలకూడదని భాయ్ కాపలా కాసేవాడు. రాళ్ల క్లాసు ఆవిడ దగ్గరికీ వెళ్లాను. ఆసిడ్ సంగతి ఆవిడకి నిజంగానే తెలియదు. ఆ రాళ్లని నమ్మి తన మెడలోనే ఒకటి వేసుకుంది. నీళ్లలో వేయొద్దని ప్రతి రాయితోపాటు కాగితం ఇస్తానని మాటిచ్చింది. రాయిని నమ్మొద్దని నేను ఆవిడతో అనలేదు. నెమలి రంగులు చూస్తే నాకూ ఈ వయసులో మనసు తేలికవుతుంది. అందులో తప్పేముంది? చూసి సంతోషపడే రాయిని మందు చేసుకున్నప్పుడే చిక్కు. అందులోనూ నాలాంటి వాళ్లు సంతకం పెట్టి చేతికిచ్చినప్పుడు.

మళ్లీ ఆ రోజుకి వస్తాను. వార్డులో పడక ఇచ్చేదాకా వరండాలో బల్ల మీద కూర్చోమన్నారు. భాయ్ ల్యాబు చూసుకోవాలని వెళ్లిపోయాడు. ఆమె భర్త మధ్యలో, అటు ఆమె, ఇటు నేను. ఆమె చాలాసేపు కొంగు చివర ముడి వేస్తూ, విప్పుతూ ఉంది. తర్వాత నా వైపు తిరగకుండానే అడిగింది.

"గా దినమే తెలుసా మేడం మీకు? ఆసిడ్‌ల ముంచిన రాయని?"

అబద్ధం చెప్పడానికి అప్పుడు కూడా వీలుంది. "తెలుసు," అన్నాను.

"మరి ఎందుకు చెప్పలే?"

"మీ ముఖం చూశానమ్మా. ఆయన మాట్లాడాడని అంత సంతోషంగా ఉన్నారు. చెప్పబుద్ధి కాలేదు."

ఆమె అప్పుడు తిరిగి నన్ను చూసింది. గొంతు పెంచలేదు. వరండాలో చుట్టూ జనం ఉన్నారు.

"నేను మీకు రాయి చూడమని ఇచ్చిన మేడం. నా మొకం చూడమన్ననా?"

తలొంచుకుని చెంబు వైపు చూస్తూ కూర్చున్నాను. కళ్లలోంచి నీళ్లు కారిపోతుంటే తుడుచుకోవడానికి కూడా సిగ్గేసింది. ఆమెకన్నా ముందు నేను ఏడవడం ఏం న్యాయం?

మా ఇద్దరి మధ్య కూర్చున్న ఆయన కదిలాడు. భార్య మోకాలి మీద చెయ్యి వేశాడు. గొంతు చాలా రోజులు వాడనట్టు బొంగురుగా ఉంది.

"ఊకో," అన్నాడు. "మేడం పొద్దటి సంది ఏం తిననట్టుంది. చాయ్ తేపో."

ఆమె కాసేపు ఆయన ముఖంలోకే చూసింది. ఆ తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుని, లేచి వెళ్లి, మూడు చాయ్‌లు తెచ్చింది.